యలమంద మీటల ఫోను

రెడ్డిగూడెం యలమంద తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. ఆండ్రాయిడ్ కొత్తగా వచ్చిన రోజుల్లో నూజివీడులో కొన్న ఫోను ఆయనది. తెరను పక్కకి జరిపితే కిందనుంచి అక్షరాల మీటల పలక బయటికొస్తుంది. దాని బరువుకి చొక్కా జేబులు పిగిలిపోయేవి. ఊరు నవ్వింది. నవ్వనీ, ఆయనకేం!

ఆ ఫోను లేకపోతే ఆయనకు భార్యతో మాటల్లేవు. పుష్పవతికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది గానీ వినికిడిని పట్టుకుపోయింది. అప్పటినుంచి ఆయన తోటలోంచి మెసేజీ కొడితే ఆవిడ ఇంట్లో చదువుకునేది. తెలుగు రాస్తే ఆ ఫోనులో డబ్బాలు కనపడేవి కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు. పెళ్ళైన కొత్తలో కూడా నోరు విప్పని మనిషి, "పూత బాగుంది, రాత్రి పులుసు ఇంకా బాగుంది" అని కొట్టడం మొదలుపెట్టాడు. చివరికి ఇంట్లో ఒకే గదిలో ఉన్నా మెసేజీలే.

కూతురు సింధూర టచ్ ఫోను తెచ్చిపెట్టింది. ఏళ్ళ తరబడి మామిడి సొన తగిలి మొద్దుబారిన వేళ్ళను ఆ అద్దం మనిషి వేళ్ళుగా లెక్కచేయలేదు. మామూలు మీటల ఫోనులో ఒక్కో అక్షరానికి రెండు మూడుసార్లు నొక్కాలి. అంత ఓపిక వాళ్ళ వంశంలోనే లేదు.

ఆ ఫోను తయారుచేసిన కంపెనీవాళ్ళు దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. నూజివీడులో ఫోన్లు బాగుచేసే చార్లెస్ మాత్రం వదల్లేదు.

"దీని లోపలి ప్రోగ్రామ్ అందరికీ తెరిచే పెట్టారండీ. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. ఎవరో మార్చి నెట్‌లో పెడతారు, నేను మీ దాంట్లో ఎక్కిస్తా."

"కంచె లేని తోటన్నమాట. మరి కాయలు కోసుకుపోరూ?"

"కోసుకుపోయినోళ్ళే అంట్లు కట్టి మళ్ళీ తెచ్చిస్తారండీ."

ఎక్కించినప్పుడల్లా ఒకటి బాగై ఇంకొకటి చెడేది. ఒకసారి కెమెరా పోయింది. ఇంకోసారి గడియారం ఏదో వేరే దేశం టైము చూపించింది. మీటలు పనిచేసినంత కాలం యలమందకు దేశాలతో పనిలేదు.

మొన్న కోతలప్పుడు ఫోను కాస్తా నీళ్ళ డ్రమ్ములో పడింది. బియ్యంలో పెట్టమని సింధూర మొత్తుకుంది. బియ్యానికి వేడెక్కడిది? రసాలు మాగేసిన వరిగడ్డిలో అయితే వెచ్చగా ఉంటుందని కాయల నడుమ పెట్టి, పైన గోనె కప్పాడు. కాయలు పండాయి. ఫోను బ్యాటరీ బూరెలా ఉబ్బి వెనక మూతను తన్నేసింది.

చార్లెస్ తిప్పి తిప్పి చూసి, "ప్రోగ్రామ్ అయితే మార్చేవాణ్ణి బాబాయ్. లోపలంతా తుప్పే" అన్నాడు.

యలమందకు నిజంగానే ఏడుపొచ్చింది, ఫోను కోసం కాదు. ఇక పుష్పవతికి ఏ మాటైనా చెప్పడం ఎలా? ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాడు. వాకిట్లో పాలుపోసే రోజీ తన అత్తగారి సంగతులు ఏకరువు పెడుతోంది. పుష్పవతి పకపకా నవ్వి, "ఇంతకీ ఆ కోడిపెట్ట దొరికిందా?" అని అడిగింది. యలమంద నోరు తెరుచుకుని చూశాడు. రోజీ అటు వెళ్ళగానే లేచొచ్చి భార్యకు ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు వినపడుతోందా?"

"వినపడదు. పెదాలు చూస్తే తెలుస్తది. రోజీవైనా, సింధూరవైనా."

"మరి నావి?"

"ఇప్పుడు తెలియట్లా? మీరెప్పుడన్నా నా మొహం చూసి మాట్లాడారా? చెట్టుకేసో గోడకేసో చూస్తిరి. తర్వాత ఫోనులోకి తల దూరిస్తిరి."

"ఓసి నీ! ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మెసేజీలు మానేస్తారని. అందులో మీరు మంచి మాటలు చెప్పేవాళ్ళండీ."

యలమంద ఆవిడ కళ్ళలోకి చూస్తూ, "నువ్వట్టా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందే, పాపిష్ఠివాణ్ణి" అన్నాడు.

పుష్పవతి కళ్ళు చికిలించింది. "నవ్వు దాకా అందింది. మిగతాది మీసం మింగేసింది."

పెళ్ళికి కూడా ఆ మీసం మీద మంగలి చెయ్యి పడనివ్వని మనిషి, "కత్తెర ఎక్కడుందే?" అని అడిగాడు, ఆవిడకేసి తిరిగి.