అత్తగారి చూపుడు వేలు

కొత్త కోడలిగా అనకాపల్లి వచ్చిన నాకు అత్తగారి కన్నా ముందు ఆవిడ కుడిచేతి చూపుడు వేలు బాగా పరిచయమైంది. అన్నం పలుకైందనీ, గుమ్మం మీద దుమ్ముందనీ, నా నడకే బాగాలేదనీ ఆ వేలే చెప్పేది. ఒకరోజు కొట్టు నుంచి వచ్చిన బెల్లం దిమ్మ అడుగున నల్లగా ఉందేమోనని ఆవిడే తిప్పి చూడబోయింది. దిమ్మ జారి సరిగ్గా ఆ వేలి మీద పడింది. నాకు లోలోపల నవ్వొచ్చిన మాట నిజం. వేలు వాచి పక్కకి తిరిగిపోయేసరికి జాలీ వేసింది.

ఆస్పత్రికంటే ససేమిరా అంది. అక్కడి పిండికట్టులో ఎముకల పొడి కలుపుతారట. గుడ్డు పొడ కూడా గిట్టని ఇల్లు మాది. చివరికి పరుపులు కుట్టే సాయిబు దగ్గరికి తీసుకెళ్లాను. విరిగిన ఎముకలు కట్టడంలో ఆయనది మంచి హస్తవాసి.

ఆయన వేలు లాగి సరిచేశాడు. ఆవిడని ముఖం అటు తిప్పుకోమని, మినప్పిండిలో రెండు కోడిగుడ్ల తెల్లసొన కలిపాడు. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దన్నాడు. ఆ ముద్దలో గుడ్డ పీలికలు ముంచి, వెదురు బద్ద ఆనించి చుట్టేశాడు. మధ్యలో విప్పితే వేలు జన్మంతా వంకరేనన్నాడు.

ఇంక చూడండి నా అవస్థ. ఆవిడ ఆ చెయ్యి ఎత్తి పట్టుకుని, ఒట్టి మినప్పిండి కట్టేనంటూ ఇరుగుపొరుగుకి చూపించేది. నిజం తెలిస్తే కట్టు పీకేస్తుంది, వేలు పోతుంది, నన్ను పుట్టింటికి పంపేస్తుంది. ఎండకి కట్టు నీసు కంపు కొడుతుంటే నేను పూటపూటా సాంబ్రాణి వేసేదాన్ని. వీధిలో చేపలమ్మే మనిషి వెళ్లిందని బొంకేదాన్ని.

మూడు వారాలకి సాయిబు కట్టు విప్పాడు. వేలు తిన్నగా వచ్చింది. ఆవిడ తలమీంచి నీళ్లు పోసుకొచ్చి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"గుడ్లు పగిలిన సప్పుడు నాకు ఇనబడ్లేదనుకున్నావేటే?"

తెలిసీ ఎందుకూరుకున్నారని ఎలాగో అడిగాను.

"ఏలు వంకరైతే ఊరంతా సూత్తాది. గుడ్డు సంగతి నీకూ నాకే తెలుసు. నోరిప్పకు."

నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ నా మీదికి వేలెత్తినప్పుడల్లా, ఏదో వాసన తగిలినట్టు ఊరికే ముక్కు ఎగబీల్చేదాన్ని. వేలు మెల్లగా కిందికి దిగిపోయేది.