ఫిలొమీన్ అత్తకి లైసెన్సు లేదు

మా కసినో లాబీలో అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద ఫిలొమీన్ అత్త కనిపించేది. ఆరడుగుల ఫోటో. నలభై ఏళ్ళ కిందటిది. అత్త చేతులకు బేడీలున్నాయి. పక్కన షెరీఫ్ మనిషి ఒకడు, ఆ రోజు బింగోలో బహుమతిగా పెట్టిన పొగబెట్టిన పంది తొడను చంకలో పెట్టుకుని, పెద్ద దొంగను పట్టినట్టు నిలబడ్డాడు. వెనక బల్ల కింద ఒక పసివాడు మొక్కజొన్న గింజలు నములుతున్నాడు. ఫోటో కింద ఇత్తడి రేకు మీద ‘మన కసినోకి తొలి అడుగు’ అని చెక్కించారు. ప్రారంభోత్సవం రోజున మా తెగ పెద్దలు ఆ ఫోటో ముందు నిలబడి కళ్ళొత్తుకున్నారు కూడా.

ఆమె నాకొక్కదానికే కాదు, రిజర్వేషన్లో, అంటే అమెరికా మా తెగకు మిగిల్చిన ఈ నేల మీద, అందరికీ అత్తే. నా పేరు జెనీవ్. కసినోలోని బింగో హాల్లో కార్డులు అమ్మేది నేను, అంకెలు పిలిచేది ఆమె. ఇరవై ఆరేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. ఆమె గురించి నాకు తెలిసినంత లైసెన్సులిచ్చే కంప్యూటర్లకేం తెలుసు!

ఆమె మొగుడు యూస్టేస్ గుండె పట్టుకుని పడిపోయిన రోజు కౌంటీ ఆంబులెన్సు రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. అప్పటికి ఆయనకు దాని అవసరం లేకపోయింది. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో కూర్చున్న మనిషి, ఒక గురువారం మధ్యాహ్నం లేచి, చర్చి కింద గదిలో బల్లలు వేసి, పిలిచిన అంకెలు కార్డులో కలిస్తే బహుమతిచ్చే బింగో ఆట మొదలుపెట్టింది. మనకంటూ ఒక ఆంబులెన్సు కొనుక్కోవాలన్నదే ఆమె కోరిక. బహుమతులేమిటంటే కుట్టిన దుప్పట్లు, సంచెడు అడవి బియ్యం, ఈ పంది తొడ. అంకె మీద పెట్టుకోడానికి తలా గుప్పెడు మొక్కజొన్న గింజలు. అంకెను ఇంగ్లీషులో ఒకసారి, మా ఒజిబ్వే తెగ మాటలో ఒకసారి పిలిచేది.

రాష్ట్రానికి అది చూసి గుండె తరుక్కుపోయింది. బహుమతులు చట్టం పెట్టిన హద్దు దాటాయట! ప్రజలు చెడిపోతున్నారట! బేడీలు వేసి తీసుకెళ్ళారు. రెండ్రోజులు లాకప్పులో ఉంచారు. పంది తొడను రుజువుగా పట్టుకెళ్ళారు గానీ కోర్టుకు చేరేసరికి దాని ఎముక ఒక్కటే మిగిలింది. న్యాయవ్యవస్థకు ఆకలెక్కువ మరి.

తర్వాత ఎక్కడెక్కడి తెగలో పోరాడితే, వాషింగ్టన్లో పెద్ద కోర్టు మా నేల మీద మా ఆటను ఆపే హక్కు రాష్ట్రానికి లేదంది. అంతే, రాష్ట్రానికి జ్ఞానోదయమైంది. మాతో ఒప్పందం రాసుకుంది, అందులో తన వాటా తనకు పెట్టుకుంది. అంతటితో ఆగిందా? ఇప్పుడు పెట్రోలు బంకుల్లో పాలడబ్బాల పక్కన సొంత లాటరీ టిక్కెట్లు కూడా అమ్ముతోంది. అది జూదం కాదు లెండి, ప్రజాసేవ. మాకు మాత్రం ఇవాళ మూడు ఆంబులెన్సులున్నాయి. ఆ ఫోటో పుణ్యమే.

పోయిన వసంతంలో ఒప్పందాన్ని తిరగరాశారు. కసినో కప్పు కింద పనిచేసే ప్రతివాళ్ళూ, పాతవాళ్ళైనా సరే, కొత్తగా లైసెన్సు తీసుకోవాలన్నారు. నలభై మూడు పేజీల ఫారం. పదిహేడో ప్రశ్న: ‘జూదానికి సంబంధించి ఎప్పుడైనా అరెస్టయ్యారా?’

మా తెగ జూద కమిషన్‌కు పెద్ద వెండెల్. అత్త సొంత తమ్ముడి కొడుకు. పాపం, మంచివాడే. కోటు తొడిగాక కాస్త మారాడు. ఫారం పట్టుకుని అత్త వంటింటి దాకా వచ్చి, నేను పక్కనుండగానే గొంతు తగ్గించి చెప్పాడు.

“అత్తా, అక్కడ ‘గుర్తు లేదు’ అని రాసెయ్. ఎవరూ తవ్విచూడరు.”

“గోడ మీద ఆరడుగుల ఫోటో పెట్టి, గుర్తులేదని రాయమంటావేంట్రా? నాకు మతిపోయిందా, నీకా?”

“నీ మంచికే చెప్తున్నానే!”

“నా మంచి సంగతి నేను చూసుకుంటాగానీ, సూపు తిని వెళ్ళు, చల్లారిపోతోంది.”

అతను వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని, నా ముందే పదిహేడో గడిలో రాసింది: ‘అవును. రుజువు లాబీలో ఉంది, చూసుకోండి.’

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. లైసెన్సు ఇవ్వడం కుదరదట. ఆమె నేపథ్యం జూద పరిశ్రమ గౌరవానికి భంగకరమట! ఆ గౌరవం ఎక్కడినుంచి వచ్చిందో ఉత్తరంలో రాయలేదు. అత్త దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పంచదార డబ్బా కింద పెట్టింది. “గురువారాలు ఇక నేనేం చెయ్యనే జెనీవ్?” అంది. అంతే అంది. డెబ్భై మూడేళ్ళ మనిషికి మిగిలింది వారానికో మధ్యాహ్నం, ఒక కుర్చీ, ఒక మైకు. మా పిల్లలకు మా అంకెలు వినపడేదీ ఆ ఒక్కచోటే.

కమిషన్ ముందు అప్పీలు పెట్టాం. విచారణకు రాష్ట్రం తరఫున టోర్గర్సన్ అనే ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. కాదని చెప్పే ముందు తప్పకుండా నవ్వుతాడు.

“అమ్మా, మీరంటే మాకెంతో గౌరవం. కానీ రూలంటే రూలు కదా.”

“సరే నాయనా. మీరంతా ఒకసారి లాబీలోకి రండి.”

అందరూ వెళ్ళారు. నేనూ వెళ్ళాను, ఆగుతానా! స్లాట్ మెషీన్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. అత్త చేతికర్రతో ఫోటోలో బల్ల కింద చూపించింది.

“ఒరేయ్ వెండెల్, ఆ గింజలు నమిలేవాడెవడ్రా?”

వెండెల్ మొహం కందిపోయింది. “అత్తా, ఇప్పుడెందుకే అది...”

“మూడేళ్ళవాడివి. షెరీఫ్‌ను చూసి లాగు తడుపుకున్నావు. జూదశాలలో పట్టుబడ్డానని నీ ఫారంలో రాశావా మరి?”

జనం గొల్లున నవ్వారు. టోర్గర్సన్ ఒక్కడే నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, “ఈ వివరం మా ఫైల్లో లేదే,” అంటూ రాసుకున్నాడు. దేవుడి మీద ఒట్టు, నిజంగానే రాసుకున్నాడు!

కమిషన్ వాళ్ళు తలుపులు మూసుకుని అరగంట ఆలోచించారు. బయటికొచ్చి తీర్పు చెప్పారు. ఫోటో వల్ల అనవసరమైన ప్రశ్నలు వస్తున్నాయి గనక, ఫోటోను తీసేస్తారు. లైసెన్సు సంగతి? అది మాత్రం అలాగే ఉంటుంది. వెండెల్ ఆ కాగితం చదివేటప్పుడు అత్త వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తన కుర్చీ కాపాడుకున్నాడు. నేనైతే నోటికొచ్చినట్టు తిట్టి ఉందును, అత్తే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

తర్వాతి గురువారం హాల్లో ఆమె కుర్చీ లేదు. దాని స్థానంలో తెర ఉన్న నల్లటి యంత్రం. దానికి అత్తలూ మేనల్లుళ్ళూ లేరు, పాత కేసులు లేవు, పరిశ్రమ గౌరవానికి భంగం లేదు. మీట నొక్కాను. “బీ ఐదు... నానన్” అంది యంత్రం.

అది అత్త గొంతు! రెండేళ్ళ కిందట ‘మన భాషను భద్రపరుద్దాం’ అంటూ వెండెల్ ఆమెను గదిలో కూర్చోబెట్టి డెబ్భై అయిదు అంకెలూ రికార్డు చేయించాడు. భద్రంగానే పెట్టారు. మనిషికి లైసెన్సు లేదు, గొంతుకుంది.

అప్పుడే అత్త లోపలికొచ్చింది. ఆడేవాళ్ళకు ఫారాలు లేవుగా! నా దగ్గర కార్డు కొనుక్కుని, లియాండర్ తాత పక్కన కూర్చుంది. తన గొంతు తనే వింటూ రెండంకెలు దిద్దుకుంది.

లియాండర్ తాతకు చెవుడు. అత్త పిలిచే రోజుల్లో ఆయన కోసం ప్రతి అంకెనూ మూడుసార్లు చెప్పేది. యంత్రం ఒక్కసారే చెప్పి ముందుకెళ్ళింది. “ఎంతా? ఎంతంది?” అని తాత అరిచాడు.

“బీ తొమ్మిది, జాంగస్వి! తొమ్మిది, ముసలాడా, తొమ్మిది!” అంది అత్త.

హాల్లో పెన్నులన్నీ అప్పుడే కదిలాయి. తర్వాత అంకెకూ అంతే. యంత్రం పలికినప్పుడు ఎవరూ కదల్లేదు, అత్త పలికాకే దిద్దుకున్నారు. గుమ్మంలో వెండెల్ ప్రత్యక్షమయ్యాడు. కెమెరాలో చూసి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు.

“అత్తా, ఆడేవాళ్ళు పిలవకూడదు. రాష్ట్రం వాళ్ళు చూస్తే నా...”

“నేను పిలవట్లేదురా. పక్కాయనకి చెప్తున్నా. మాట్లాడ్డానికి కూడా నలభై మూడు పేజీలు నింపాలా?”

హాలంతా అతన్నే చూస్తోంది. అందులో సగం మంది ఆ మూడు ఆంబులెన్సుల్లో ఏదో ఒకదాంట్లో ఆసుపత్రికి వెళ్ళి బతికొచ్చినవాళ్ళే. నేనింక ఆగలేకపోయాను. లైసెన్సున్నది నాకు, స్పీకరు మీట నా మోకాలి దగ్గరే ఉంది. దాన్ని పూర్తిగా తగ్గించేశాను. వెండెల్ నా చేతిని చూశాడు, అత్తను చూశాడు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

యంత్రం మూగదైంది. తెర మీద అంకె వెలిగింది. అత్త లేవలేదు, మైకు అడగలేదు. కూర్చున్న చోటినుంచే గొంతెత్తింది.

“బీ ఏడు, నీజ్వాస్వి! ఏడు! వినపడిందా? ఏడు!”

లియాండర్ తాత కార్డు మీదినుంచి తలెత్తకుండానే సంబరంగా దిద్దుకుని, హాలంతా వినపడేలా అన్నాడు:

“ఏమైనా చెప్పు ఫిలొమీన్, ఈ మిషను నయమే. అచ్చం నీలాగే అరుస్తోంది!”

అత్త నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుని, తర్వాత అంకె చదివింది.