కడసీల ఊడిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వస్తువుల పేర్లను కూడా ఆడవాళ్ళూ మగవాళ్ళూ పంచుకున్నట్టే ఉండేది. కుండ కింద పెట్టే గడ్డి చుట్టను కుదురు అంటారనీ, మిరపకాయ తొడిమకు ముచ్చిక అని ఇంకో పేరుందనీ అమ్మమ్మ వెంట తిరుగుతూ నేర్చుకున్నాను. ఎడ్లబండి మాత్రం మా తాతయ్యది. ఎక్కడం, దిగడం తప్ప దాని సంగతులు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఊరు గురజాలకు మరీ దూరమేమీ కాదు గానీ, వేళకు బస్సు ఉండేది కాదు. ఎటు పోవాలన్నా ఆ బండే దిక్కు.

ఒక చలికాలం మా పిన్ని కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి చూసి, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నట్టుంది, తన వల్ల కాదు, గురజాల ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. తాతయ్య మారుమాట లేకుండా బండి కట్టాడు. అందులో వరిగడ్డి మందంగా పరిచి, పైన బొంత వేసి పిన్నిని పడుకోబెట్టారు. అమ్మమ్మ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. పాతచీరల మూట ఒకటి నాకిచ్చి, వెనక కూర్చోమన్నారు.

దారి పొడుగునా నాపరాళ్ళు తేలి ఉండేవి. బండి ఎగిరినప్పుడల్లా పిన్ని మూలిగేది. అమ్మమ్మ పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తూనే ఉంది. పిన్ని వైపు చూడలేక నేను పక్కకు వంగి చక్రం తిరగడం చూస్తూ కూర్చున్నాను. అప్పుడే ఒకటి కనిపించింది. చక్రం మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చిన కొయ్యకు గుచ్చిన ఇనుప ముక్క ఒకటి, బండి కుదిపినప్పుడల్లా కొంచెం కొంచెం పైకి లేస్తోంది. దాన్నేమంటారో నాకు తెలియదు. అది అలా లేవకూడదని మాత్రం ఎందుకో అనిపించింది.

"తాతయ్యా, అది ఊడొస్తంది" అన్నాను.

"ఏందే ఊడొచ్చేది?"

"అదే... అది!"

తాతయ్య చూపు ఎడ్ల మీదే ఉంది. "మూటేగా? గట్టిగా పట్టుకో" అన్నాడు. మూట నా ఒళ్ళోనే ఉంది. ఇది మూట సంగతి కాదని చెప్పబోయేలోపు పిన్ని కేక పెట్టింది. తాతయ్య ఎడ్లను అదిలించాడు. ఆ అదురుకు ఇనుప ముక్క ఎగిరి దారి పక్కన తుప్పల్లో పడింది. "పడిపోయింది, పడిపోయింది" అని అరిచాను. "పడితే పడనీయవే, వచ్చేటప్పుడు ఏరుకుందాం" అన్నాడు, వెనక్కి చూడకుండానే.

ఆ తరవాత ఎంతోదూరం పోలేదు. చక్రం అటూ ఇటూ ఊగి, బయటికి జారి, పక్కకు పడిపోయింది. బండి ఒక పక్కకు కూలబడింది. గడ్డితో సహా అందరం ఆ పక్కకు జారాం. అమ్మమ్మ పిన్నిని రెండు చేతులా పొదివి పట్టుకోబట్టి ఆమెకు దెబ్బ తగల్లేదు, అమ్మమ్మ మోచెయ్యి మాత్రం దోక్కుపోయింది. తాతయ్య కిందికి దూకి పిన్ని ముఖం చూసిన చూపు నాకింకా గుర్తే. ఆయన భయపడడం నేను చూసింది అప్పుడే.

పక్క చేలో మిరపకాయలు కోస్తున్న కూలీలు పరిగెత్తుకొచ్చారు. "ఏందయ్యా, కడసీల ఊడిందా?" అని అడిగింది వాళ్ళలో ఒక పెద్దామె. ఆ ఇనుప ముక్క పేరు నా చెవిన పడడం అదే మొదలు. ఆ ఒక్క మాట కాసేపటి ముందు నా నోట్లో ఉండి ఉంటే బండి ఆగేదే. ఎక్కడ పడిందో చూసింది నేనొక్కదాన్నే కాబట్టి వెనక్కి పరిగెత్తి, తుప్పల్లోంచి వెతికి తెచ్చాను. అందరూ కలిసి బండిని ఎత్తి పట్టుకున్నారు. తాతయ్య చక్రం ఎక్కించి, కడసీలకు గుడ్డపీలిక చుట్టి, రాయితో బిగేసి కొట్టాడు.

మధ్యాహ్నం దాటాక ఆస్పత్రిలో పిన్నికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని నర్సమ్మ చెప్పి వెళ్ళాక తాతయ్య భుజం మీది కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను బండి వెనక నక్కి కూర్చున్నాను. చెప్పలేకపోయినందుకు ఇప్పుడు తిట్లు తప్పవనుకున్నాను.

ఆయన వచ్చి నా పక్కన గొంతుకూర్చున్నాడు. "నువ్వు చెప్తానే ఉన్నావు. నీకంటే దాని పేరు తెలీదు. నాకు మెడ తిరగలేదా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను అడిగాడో, తనను తానే అడుక్కున్నాడో తెలియదు. తరవాత నా చెయ్యి పట్టుకుని బండి చుట్టూ తిప్పాడు. ఇది ఇరుసు. ఇవి ఆకులు, చెట్టువి కాదు, చక్రానివి. ఎడ్ల వైపు సాగిన ఈ పొడుగు కొయ్యలు నొగలు. ఇరుసుకు పూసే ఈ నల్లటి జిడ్డు కందెన. ప్రతిదాన్నీ ముట్టుకుని పేరు పలకమన్నాడు. నా చేతులు నల్లగా అయిపోయాయి. "ఆడపిల్లకు ఇయ్యన్నీ ఎందుకు?" అని అమ్మమ్మ వరండాలోంచి అంది. "బండెక్కేది ఆడపిల్ల గాదా?" అన్నాడు తాతయ్య.

తిరుగు ప్రయాణంలో నన్ను ముందు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎడ్లబండి లేదు. కడసీల అంటే మా మనవలకు నవ్వులాట. మోటారు బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళనూ, ఆటో తోలేవాళ్ళనూ "దీన్నేమంటారు నాయనా?" అని నేను అడుగుతుంటే మా అమ్మాయి విసుక్కుంటుంది. నేర్చుకున్న పేర్లలో సగం మరిచిపోతున్నాను కూడా. కానీ ఇంట్లో ఏ చిన్నపిల్లయినా మాట దొరక్క "అదే, అదే" అని వేలు చూపిస్తే, పొయ్యి మీద ఏమున్నా సరే, వెనక్కి తిరిగి చూస్తాను.