పాత బండి కోసం పాలకొల్లు దాకా

నా బండి ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆగిపోయిన రోజునే ఈ ప్రయాణం ఖాయమైంది. నేను రాజమండ్రిలో ఒక ల్యాబులో పని చేస్తాను. తెల్లవారుతూనే ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసి, ఆ ట్యూబులను ఐసు పెట్టెలో పెట్టుకుని, ఎండ ముదరకముందే ల్యాబుకు చేర్చాలి. ఆ రోజు పెట్టెలో బొబ్బర్లంకలో ఒక పెద్దావిడ దగ్గర తీసిన రక్తం ఉంది. ఆవిడకు నరం దొరకడమే గగనం. కిక్కు ఎంత కొట్టినా బండి కదలక, చివరికి ఆటో పట్టుకుని ల్యాబుకు చేరేసరికి ఆ రక్తం పరీక్షకు పనికిరాకుండా పోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి మళ్ళీ సూది గుచ్చాను. ఆవిడ చెయ్యి చాపి మొహం గోడ వైపు తిప్పుకుంది. మా ఓనరు మాత్రం, వారంలోగా బండి మారకపోతే మనిషిని మార్చాల్సి వస్తుందని చెప్పేశాడు.

కొత్త బండి నా వల్ల కాదు. ఫోనులో ప్రకటనలన్నీ వెతికితే భీమవరంలో ఒకటి నచ్చింది. ఫొటోలో అద్దంలా మెరుస్తోంది. ఆదివారం ల్యాబుకు సెలవు పెట్టి, నా హెల్మెట్ ఒక్కటి చేత పట్టుకుని పొద్దున్నే ధవళేశ్వరం నుంచి ఆటోలో రాజమండ్రి స్టేషనుకు వెళ్ళాను. జనరల్ టికెట్టు తీసుకుని భీమవరం వెళ్ళే రైలెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది గానీ గోదావరి దాటుతున్నంతసేపూ నేను నదిని చూడలేదు. బండిలో ఏమేం చూడాలో మా వీధి మెకానిక్కు చెప్పినవి మనసులో వల్లె వేసుకుంటున్నాను. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. పొగ రంగు చూడాలి. బండి మీదున్న ఛాసిస్ నంబరూ ఆర్‌సీలో ఉన్నదీ ఒకటేనా కాదా. చెయిను, టైర్లు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల దగ్గర ఆయిలు తడి. ఇవన్నీ గుర్తుంటాయా, గుర్తున్నా చూస్తే నాకు తెలుస్తుందా అని మళ్ళీ మొదటి నుంచి వల్లె వేసుకున్నాను.

చేతిలో హెల్మెట్‌తో రైలెక్కిన మనిషిని చూస్తే అందరికీ పలకరించాలనిపిస్తుందని అప్పుడే తెలిసింది. నిడదవోలులో రైలు కాసేపు ఆగితే ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని వచ్చాను. తణుకులో ఎక్కిన ఒకాయన నా ఎదురుగా కూర్చుని, బండేదండీ అని అడిగారు. కొనడానికే భీమవరం వెళ్తున్నానని చెప్పాను. ఆయన రొయ్యల మేత అమ్ముతారట, చెరువులన్నీ తిరుగుతారట.

"భీమవరం బండయితే పైన చూడకండి, కింద చూడండి. చెరువు గట్ల మీద తిరిగిన బండిని ఉప్పు నీళ్ళు కింద నుంచి తినేస్తాయి" అన్నారాయన.

దిగులు ఇంకాస్త పెరిగింది.

భీమవరం టౌను స్టేషనులో దిగి, ఆటోలో ఒక ఇంజినీరింగు కాలేజీ దగ్గరి వీధికి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. బండి అమ్మే కుర్రాడు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. చదువైపోయిందనీ, హైదరాబాదు వెళ్ళిపోతున్నాననీ, అందుకే అమ్ముతున్నాననీ చెప్పాడు. బండి నిజంగానే ఫొటోలో ఉన్నట్టే ఉంది. నాకు ఎంత హాయి అనిపించిందంటే, అక్కడికక్కడే సరేననేసేవాణ్ణి. కానీ సైలెన్సరుకు వేలు ఆనిస్తే చురుక్కుమంది. ఇప్పుడే టిఫినుకు వెళ్ళొచ్చానండి అన్నాడు. చల్లారేదాకా ఆగుతానంటే అతనికి నచ్చలేదు.

అతను లోపలికి వెళ్ళినప్పుడు నేను రోడ్డు మీద మోకాళ్ళేసి బండి కిందికి చూశాను. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీలకు కొత్తగా నల్ల రంగు వేసి ఉంది. గోటితో గీకితే రంగు పెచ్చులా లేచి, దాని కింద తుప్పు పొడి రాలింది. బండి ఏ చెరువు దగ్గరైనా తిరిగిందా అని అడిగాను. మా బాబాయి చెరువుకు కొన్నాళ్ళు వాడారని ఒప్పుకున్నాడు గానీ, మధ్యాహ్నం ఇంకెవరో వస్తున్నారనీ, కావాలంటే ఇప్పుడే చెప్పమనీ తొందరపెట్టాడు. అప్పటికి ఇంజిను చల్లారింది కదా అని స్టార్టు చేయించాను. వెనకనుంచి నీలం రంగు పొగ వచ్చింది. లోపల ఆయిలు కాలుతోందన్నమాట.

అయినా వెంటనే కదలలేకపోయాను. ఉత్త చేతులతో తిరిగి వెళ్తే సోమవారం పొద్దున నా పరిస్థితి ఏంటి? టీ కొట్టు దగ్గర నిలబడి మా ఆవిడ సునీతకు ఫోను చేశాను. అంతా విని, "మనసు ఒప్పుకోకపోతే వచ్చేయండి. భయపడి మాత్రం కొనకండి" అంది.

పక్కన పెట్టిన ప్రకటన ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పాలకొల్లులోని బండి. ఫొటో మసకగా, ఏదో పాత చీర సగం కప్పి ఉన్నట్టుగా ఉంటే వదిలేశాను. ఫోను చేస్తే ఒకావిడ ఎత్తి, బండి ఉందిగానీ చాలా నెలలుగా కదల్లేదని ఉన్నమాట చెప్పారు. ఇంజిను చల్లగానే ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుని బస్టాండుకు నడిచాను. భీమవరం నుంచి పాలకొల్లుకు బస్సులు తరచుగానే ఉంటాయి. వీరవాసరం దాకా నిలబడి వెళ్ళాను. కిటికీల్లోంచి చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్ల చక్రాలు కనిపిస్తున్నాయి. నాకు ప్రతి గట్టు మీదా తుప్పు పట్టిన బండ్లే కనిపించాయి.

పాలకొల్లులో ఆ ఇల్లు ఒక కాలువకు దగ్గరగా ఉంది. ఫోనులో మాట్లాడినావిడ వెంకటలక్ష్మి గారు. ఆవిడ భర్త సూర్యనారాయణ శాస్త్రి గారు అరుగు మీద కుర్చీలో, ఎడమ కాలు స్టూలు మీద బారుగా చాపుకుని కూర్చున్నారు. పక్కన చేతికర్ర. ఆయన పురోహితులు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ బండి మీదే వెళ్ళి పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయించేవారట. నా పనేమిటని అడిగి, చెబితే తల ఊపారు.

"అంటే మీకూ వేళ తప్పకూడదన్నమాట. నాకూ అంతేనండి. ముహూర్తం మన కోసం ఆగదు కదా" అన్నారు.

ఆవిడ బండి మీద కప్పిన పాత చీర తీసేశారు. దుమ్ము పట్టి ఉన్నా కింద ఎక్కడా తుప్పు లేదు. నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయి. బ్యాటరీ చచ్చిపోయింది. పాత పెట్రోలు తీసేసి, దగ్గర్లోని బంకు నుంచి సీసాలో తెచ్చి పోసి, కిక్కు కొట్టీ కొట్టీ నా చొక్కా తడిసిపోయాక ఇంజిను అందుకుంది. పొగ లేదు. చప్పుడు నిలకడగా ఉంది. అరుగు మీద శాస్త్రి గారు కళ్ళు మూసుకుని వింటున్నారు.

అప్పుడు చూశాను, ఎడమ వైపు. ఫుట్‌రెస్టు రబ్బరు సగం అరిగిపోయి ఉంది, ఇంజిను మూత మీద పొడుగ్గా గీతలు, క్లచ్చు లివరు మాత్రం కొత్తది. బండి ఎప్పుడైనా పడిందా అండీ అని అడిగాను.

"స్టాండు సరిగ్గా వెయ్యక పడిందండి" అన్నారు వెంకటలక్ష్మి గారు, నా వైపు చూడకుండా.

"ఎందుకు లక్ష్మీ" అన్నారు శాస్త్రి గారు. "పడ్డామండి. నేనూ, ఆవిడా, బండీ."

కిందటి వానాకాలంలో ఒక పెళ్ళి చేయించి తెల్లవారుజామున ఇద్దరూ తిరిగి వస్తున్నారట. కాలువ గట్టు మలుపులో, బురదలో బండి ఒరిగిపోయింది. ఆవిడకు చర్మం చెక్కుకుపోయింది. ఆయనకు తుంటి విరిగింది, మోకాలు ఇక వంగలేదు. రాత్రంతా మేలుకుని ఉన్నాను కదా, హ్యాండిలు మీదే నిద్రపోయి ఉంటానని ఆయన అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ విషయం ఆ ఇంట్లో చాలాసార్లు మాట్లాడుకుని, ఇక మాట్లాడుకోవడం మానేసినట్టు అనిపించింది.

పడిన బండి కొనవద్దని మా మెకానిక్కు గట్టిగా చెప్పాడు. ఫ్రేము వంకరపోయి ఉంటే ఎవరూ బాగుచెయ్యలేరు. అయినా వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయి. వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ తోలి చూశాను. బండి వెళ్తోంది గానీ ఎక్కడో సన్నగా తూలుతోంది. హ్యాండిలు తిన్నగా ఉన్న చోట పట్టేసినట్టుంది. తిప్పాలంటే చిన్నగా బలం చెయ్యాలి. భయం వేసింది. ఎవరైనా మెకానిక్కుకు చూపిస్తేగానీ చెప్పలేనన్నాను.

ఆ ఊళ్ళో మెకానిక్కు కాలువ అవతల ఉన్నాడు. ముక్కూ మొహం తెలియని నాకు బండిచ్చి పంపలేరు. శాస్త్రి గారు కాలు వంచలేరు. వెంకటలక్ష్మి గారు కొంచెంసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత చెప్పులు వేసుకుని వచ్చి బండి వెనక ఒక పక్కకు కూర్చున్నారు. ఆవిడ చెయ్యి సీటు కమ్మీ మీద బిగుసుకుపోవడం నాకు తెలుస్తోంది. నడిచే మనిషికంటే కాస్త వేగంగా పోనిచ్చాను. కాలువ గట్టు మీద మలుపు రాగానే ఆవిడ మెల్లగా అన్నారు.

"ఇక్కడేనండి."

నేను బ్రేకు మీద కాలు పెట్టాను.

"ఆగొద్దండి. పోనివ్వండి" అన్నారు.

మెకానిక్కు పేరు శ్రీను, నడివయసు మనిషి. ముందు చక్రం పైకెత్తించి హ్యాండిలు అటూ ఇటూ తిప్పి చూసి, కోన్ సెట్టు పోయిందన్నాడు. హ్యాండిలు తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే గుండ్లూ గిన్నెలూ అవి. విప్పి చూపించాడు. గ్రీజు ఎండిపోయి మట్టిలా ఉంది. గుండ్లు తిరిగే దారంతా గుంటలు పడ్డాయి. ఫ్రేము తిన్నగానే ఉందనీ, ఇవి మారిస్తే సరిపోతుందనీ అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది.

వెంకటలక్ష్మి గారు మాత్రం ఆ గిన్నెను చూస్తూ ఉండిపోయారు. ఇది పడినప్పుడు పాడైందా అని అడిగారు.

"కాదండి. దెబ్బకయితే ఒక పక్కే సొట్ట పడుతుంది. ఇది చుట్టూ అరిగింది. పడక ముందు నుంచీ ఉన్నదేనండి" అన్నాడు శ్రీను.

"అయితే మేం పడింది దీనివల్లేనా?"

"అలాగని నేను చెప్పలేనండి. కానీ బురదలో హ్యాండిలు ఇలా పట్టేస్తే, ఎంత మెలకువగా ఉన్నా మనిషి ఆపుకోలేడు."

కొత్త సెట్టు వేసేదాకా ఆవిడ బల్ల మీద కూర్చున్నారు. పాత గిన్నె కాగితంలో చుట్టి ఇమ్మని శ్రీనును అడిగారు.

తిరిగి వెళ్ళేటప్పుడు బండి తూలలేదు. ఇంటి ముందు దిగీ దిగగానే ఆవిడ అరుగెక్కి, ఆ కాగితం విప్పి, శ్రీను చెప్పింది మొత్తం ఆయనకు చెప్పారు. చెప్పలేనన్న మాట కూడా దాచలేదు. శాస్త్రి గారు ఆ గిన్నెలో బొటనవేలితో గుంటలు ఒక్కొక్కటే తడిమారు.

"అయితే నేను నిద్రపోలేదేమో" అన్నారు చివరికి.

"పోలేదండి" అన్నారావిడ. "మలుపు దగ్గర మీరు హారను కొట్టారు. నాకు వినిపించింది. మెలకువగా ఉండే పడ్డారంటే మీరింకా బాధపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

నేను కాలువ వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ నన్ను భోజనానికి పిలిచారు. ముద్దపప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగపులుసు. బేరం పెద్దగా జరగలేదు. పేరు మార్పిడి కాగితాల మీద సంతకాలయ్యాక శాస్త్రి గారు తాళంచెవి నా చేతికి కాకుండా ఆవిడ చేతికి ఇచ్చి, నువ్వే ఇవ్వు అన్నారు.

మూడు దాటాక బయల్దేరాను. మార్టేరు, సిద్ధాంతం మీదుగా వశిష్ఠ వంతెన దాటి రావులపాలెం. దారి పొడవునా చెవులు ఇంజిను దగ్గరే ఉన్నాయి. లారీ దాటినప్పుడల్లా హ్యాండిలు బిగించి పట్టుకున్నాను. ప్రతి కొత్త చప్పుడుకూ ఆపి దిగి చూశాను. ఒకసారి అది నా హెల్మెట్ బకిలు, ఇంకోసారి నంబరు ప్లేటు. పెనుగొండ అడ్డరోడ్డు దగ్గర నేను వంగి చూస్తుంటే కొబ్బరిబోండాలమ్మే ఆయన, కొత్తగా కొన్నారా అండీ అని నవ్వారు. హైవే వదిలి ఆత్రేయపురం వైపు తిరిగి, లొల్ల కాలువ లాకుల దగ్గర టీ తాగేటప్పుడు చూసుకుంటే అరచేతుల్లో గ్రిప్పుల అచ్చు పడి ఉంది.

ఎవరైనా ఇలా పాత బండి కోసం బయల్దేరితే ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, ఇంజిను వేడెక్కకముందే చేరండి, వంగి కింద చూడండి, పడిందా అని సిగ్గుపడకుండా అడగండి. మెకానిక్కు చూడకుండా కొనకండి. బండి గురించి నేను చెప్పగలిగింది ఇంతే. పడిందా అన్నదానికి వచ్చే జవాబు వెనక ఒక ఇల్లు ఉంటుందని నాకు ముందు తెలియదు.

బొబ్బర్లంక దాటి బ్యారేజీ ఎక్కేముందు ఫోను మోగింది. శాస్త్రి గారు. హ్యాండిలు ఎక్కడైనా పట్టేస్తోందా అని అడిగారు. లేదండీ, తిన్నగా వెళ్తోందన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఆవిడతో, "తిన్నగా వెళ్తోందట" అనడం నాకు వినిపించింది. ఫోను జేబులో పెట్టుకుని, గాలికి ఎదురుగా నీళ్ళ మీదుగా ధవళేశ్వరం వైపు పోనిచ్చాను. ఈసారి గోదావరిని చూశాను.