పాల గిన్నె

పెడనలో కలంకారీ అద్దకానికి మంగతాయారు చేతిని మించిన చెయ్యి లేదంటారు. ఆ చేతికి పని నేర్పింది తండ్రి ధర్మారావు కాదు, తలుపు సందు. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టే రోజున ఆయన కూతుర్ని "బిందె తీసుకుని నీళ్లకి పో" అని బయటికి తరిమేవాడు. ఆ నీళ్లలో గేదె పాలు ఎంత కలపాలన్నదే ఆ ఇంటి కిటుకు. పాలు పడకపోతే నల్లరంగు నిలవక గుడ్డంతా పాకుతుంది. ఆడపిల్లకి తెలిస్తే రేపు అత్తారింట్లో చెప్పేస్తుందని ఆయన భయం. తలుపు సందులోంచి చూసి నేర్చుకుంటూ ఆ పిల్ల ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలుసు.

అంత ఏడ్చిన మనిషి తనలాంటి పిల్లల్ని పిలిచి మరీ చెప్పాలా వద్దా? చెప్పలేదండీ! బడి మానేసిన ఆడపిల్లలకి పొద్దున పదో తరగతి పాఠాలు, మధ్యాహ్నం అద్దకం నేర్పే కేంద్రం ఒకటి బందరులో ఉంటే, అక్కడ ఆవిడే టీచరు. పాలు కలిపే వేళకి మాత్రం "టీ తాగి రండమ్మా" అని పిల్లలందర్నీ బయటికి, హాస్టల్ వంటింటికి పంపేసేది. అందరికీ తెలిసిపోతే ఇక తననెవరు పిలుస్తారన్న గుబులు. అచ్చం తండ్రి బుద్ధే.

ఆ పిల్లల్లో నాగమల్లేశ్వరిది నాగాయలంక అవతల చేపలు పట్టేవాళ్ల ఊరు. సెలవులకి ఇంటికెళ్తే తండ్రి వెంకటపతి తెగేసి చెప్పాడు. "ఏం నేర్చుకున్నావో ఇక్కడ చేసి చూపించు. బాగుంటే పదో తరగతి రాద్దువుగాని. లేదంటే రొయ్యల షెడ్డుకి నడు."

పిల్ల నాలుగు రోజులు నానా తంటాలు పడి ఒక దుప్పటి అద్దింది. నెమలి గీతలన్నీ పాకి మరకల్లా తయారయ్యాయి. దాన్ని మడిచి పట్టుకుని బందరు వచ్చి, టీచరు ముందు పరిచింది.

"నా చెయ్యే మంచిది కాదేమోనండీ," అంది కళ్లనీళ్లు పెట్టుకుని.

అప్పుడైనా నోరు విప్పొచ్చుగా! "చెయ్యి కుదరాలి తల్లీ, ఈ పని అందరికీ రాదు," అంది మంగతాయారు. పిల్ల హాస్టల్లో పెట్టె సర్దుకుని బస్సెక్కింది.

ఛీ, ఏం మాటన్నాను అనుకుంది ఆవిడ. మర్నాడు అద్దంలో మొహం చూసుకోవడానికే సిగ్గేసింది. ఎలాగో వారం ఓర్చుకుని, ఎనిమిదో రోజున నాగాయలంక బస్సెక్కింది.

నాగమల్లేశ్వరి షెడ్డులో ఐసు నీళ్లలో రొయ్యలు వలుస్తోంది. వేళ్లు తెల్లగా పాలిపోయి ముడతలు పడ్డాయి. ఆ వేళ్లు చూసింది మంగతాయారు. పిల్లని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. వెంకటపతి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, చెడింది మీ అమ్మాయి చెయ్యి కాదు, నా బుద్ధి. కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలపాలి. ఆ సంగతి నేనే దాచాను," అంది తల దించుకుని.

"ఎంత పని చేశారమ్మా! ఎందుకూ పనికిరానిదానివని పిల్లని నోటికొచ్చినట్టు తిట్టాను కదా!" అన్నాడు వెంకటపతి.

నాగమల్లేశ్వరి మాత్రం కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆ పాల గిన్నె రోజూ నేనే కడిగేదాన్నండీ," అంది మెల్లిగా. "మా టీలోకి మీ సొంత డబ్బులతో పాలు కొంటున్నారనుకున్నా. మా టీచరు ఎంత మంచివారో అని అమ్మకి కూడా చెప్పాను."

తల కొట్టేసినట్టయింది మంగతాయారుకి. అరుగు మీద కూలబడింది. గుమ్మంలో నిలబడి ఆ తల్లి తననే చూస్తోందని తెలుసు, తలెత్తలేకపోయింది.

నాగమల్లేశ్వరి లోపలికెళ్లి గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఎన్ని పాలు పొయ్యాలో చెప్పండి. అమ్మా, నువ్వూ వచ్చి కూర్చో."