సైదులు లారీ షెడ్డు, యాదమ్మ వంటగది

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో దేవరకొండలో ఒక ఇంటి ప్లాను పని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను నల్లగొండలో ఒక కార్యాలయంలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వదిలేసి, సివిల్ డిప్లొమా మీద లైసెన్సు తీసుకుని, దేవరకొండ బస్టాండు దగ్గర ఒక మేడ మీది గదిలో సొంతంగా పని చేసుకుంటున్నాను. మా లైసెన్సు ఉన్నవాళ్ళ పని తేలికగా చెప్పాలంటే ఇది: ఇల్లు కట్టుకునేవాళ్ళ మనసులో ఉన్నదాన్ని కాగితం మీదికి దించాలి, దాన్ని మున్సిపాలిటీ ఒప్పుకునేటట్టు చేయాలి, మేస్త్రీ దాన్ని పాడు చేయకుండా చూడాలి. మూడింటిలోకీ మొదటిదే కష్టం.

వచ్చినవాళ్ళు సైదులు, ఆయన భార్య యాదమ్మ. సైదులుకు యాభై దాటాయి. పొలం అమ్మి లారీ కొని, దాన్ని తానే నడిపేవాడు. మిర్యాలగూడ వైపు నుంచి సిమెంటో బియ్యమో వేసుకుని షోలాపూర్, పూణే దాకా పోయి, ఉల్లిగడ్డతో తిరిగొచ్చేవాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. ఒక్కగానొక్క బిడ్డ పెళ్ళి చేశారు. ఇన్నేళ్ళూ కిరాయి ఇళ్ళలోనే కాపురం. ఇప్పుడు హైదరాబాదు పోయే రోడ్డు పక్కన, గుట్ట మీది కోట కనిపించే చోట, యాదమ్మ పేరు మీద జాగా కొన్నారు.

సైదులు కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మేడం, మొదలు షెడ్డు గియ్యుండ్రి. ఇల్లు తర్వాత. నా బండి ఇన్నేండ్లు ఎండల నిలవడ్డది, వానల తడిసింది. ఇగ అది కూడా ఇంట్లనే పండాలె."

యాదమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నది: "ఇల్లు బండికా, నాకా? ఆ ముచ్చట ముందు అడుగుండ్రి మేడం."

ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వు ఒక్కచోటి నుంచి రాలేదు.

ప్లాను గీసే ముందు భార్యనూ భర్తనూ విడివిడిగా అడగడం నాకు అలవాటు. పొద్దున్న లేవగానే ఎవరు ఎటు నడుస్తారు, నీళ్ళు ఎక్కడ పడతారు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ఇలాంటివి. కలిపి అడిగితే ఒకరే మాట్లాడతారు. జాగా కొలవడానికి పోయినప్పుడు యాదమ్మను పక్కకు పిలిచి అడిగాను. ఆమె కోరింది ఒకటే. వంటింటికి రోడ్డు వైపు కిటికీ కావాలి.

"కిరాయికున్న ఇండ్లన్నీ ఎనక అర్రలే మేడం. పొయ్యి కాడ నిలవడితే ముందట గోడనే. రోడ్డు మీద ఏ లారీ మోగినా చేతుల పిండి చేతులనే పెట్టుకొని వాకిట్లకు ఉరికేదాన్ని. పది మాట్లు ఉరికితే తొమ్మిది మాట్లు వేరేటోళ్ళదే. ఇగ నాతోని ఉరుకుడు కాదు. పొయ్యి కాడ నిలవడి చూస్త, చాలు."

సైదులు కోరింది కూడా ఒక కిటికీయే. పడకగదిలోంచి షెడ్డులోకి. కళ్ళు తెరవగానే లారీ కనపడాలని. దానికి నేను వెంటనే ఒప్పుకోలేదు. పొద్దున్నే ఇంజను వేడెక్కించేటప్పుడు వచ్చే డీజిల్ పొగంతా పడుకునే గదిలోకి వస్తుంది. వాహనాలు పెట్టే చోటికీ పడకగదికీ మధ్య తెరుచుకునే కిటికీ పెట్టకూడదన్నది మా పనిలో మొదటి పాఠాల్లో ఒకటి.

అసలు చిక్కు అది కాదు. ఆ జాగాకు రోడ్డు తూర్పున ఉంది. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో పెడితే అది రోడ్డు మీదికి వస్తుంది, యాదమ్మ కోరిక తీరుతుంది. అప్పుడు లారీ షెడ్డు వెనక వాయవ్యానికి పోవాలి. పోవచ్చు, కానీ ఉత్తరం పక్క పొడుగునా లారీ పట్టేంత దారి వదలాలి. దాంతో హాలు ఇరుకవుతుంది, లోపల లారీ తిప్పుకునే చోటు లేక ప్రతిసారీ వెనక్కి నడుపుతూ రోడ్డెక్కాలి. లేదంటే షెడ్డును ఆగ్నేయంలో రోడ్డు మీదే పెట్టి, వంటిల్లును వాయవ్యానికి పంపాలి. వాస్తు దానికీ ఒప్పుకుంటుంది. ఇంటి ముందు వదిలిన ఖాళీలో బండిని తిప్పుకోవచ్చు, లారీకి అదే సుఖం. యాదమ్మకు మాత్రం మళ్ళీ వెనక అర్ర, మళ్ళీ ముందట గోడ.

రెండు ప్లాన్లూ గీసి ముందు పెట్టాను. సైదులు రెండోది పట్టుకున్నాడు. లోడు బండిని జాతీయ రహదారిలాంటి రోడ్డు మీదికి వెనక్కి నడపడం ప్రమాదమన్నాడు. అందులో తప్పు లేదు. యాదమ్మ ప్లాను వైపు చూడనైనా చూడలేదు.

"ఆయన ఇష్టం. సంతకం యాడ పెట్టాలె?" అన్నది.

జాగా ఆమె పేరున ఉంది కాబట్టి ప్లాను మీద సంతకం ఆమెదే ఉండాలి. పెట్టింది. సైట్ ప్లాను, ఫ్లోర్ ప్లాను, ఎలివేషన్, సెక్షన్ అన్నీ జతచేసి మున్సిపాలిటీకి పంపాను. అనుమతి వచ్చింది. పునాదికి ముగ్గు పోసిన రోజు, అంటే గోడలు వచ్చే చోట నేల మీద సున్నంతో గీతలు గీసిన రోజు, యాదమ్మ రాలేదు. తలనొప్పి అని చెప్పి పంపింది. మేస్త్రీ అంజయ్య పని మొదలుపెట్టాడు.

మామూలు ఇంటికి పది, పదకొండు అడుగుల ఎత్తు చాలు. తాటిపత్రి కప్పిన లోడు లారీ లోపలికి రావాలంటే షెడ్డు పైకప్పు పదహారు అడుగులకు పోవాలి. అందుకే షెడ్డు పిల్లర్లు ముందు లేచాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు అది గోడౌనా అని అడిగేవారు. షెడ్డు నేల రోడ్డు వైపుకు వాలుగా ఉండాలని, కడిగిన నీళ్ళు ఇంట్లోకి కాక మోరీలోకి పోవాలని, నూనె మరక పట్టని గట్టి కాంక్రీటు పోయాలని రాసిచ్చాను. సైదులు ట్రిప్పు నుంచి దిగిన ప్రతిసారీ ఇంటికి పోకముందే అక్కడికి వచ్చి, పిల్లర్ల మధ్య నిలబడి పైకి చూసేవాడు.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున, షెడ్డు స్లాబు పోయడానికి కింద ఆధారంగా సెంట్రింగ్ చెక్కలు కొడుతుంటే సైదులు ఒక్కడే వచ్చాడు. లారీలో కాదు, నడిచి. అంజయ్యను పని ఆపమన్నాడు. నన్ను పక్కకు తీసుకుపోయి, షెడ్డు ఎత్తు తగ్గించి ఒక గది చేయవచ్చా అని అడిగాడు. లారీ అమ్మేస్తానన్నాడు.

ఎందుకన్నాను. పిల్లరు మీద చెయ్యి పెట్టి పైకి చూశాడు. తర్వాత చెప్పాడు. హెవీ లైసెన్సు మళ్ళీ చేయించుకోవడానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. నల్లగొండ దవాఖానలో కళ్ళు చూశారు. నీటికాసుల జబ్బు అన్నారు. కంటి నరం ఎండిపోతూ వచ్చింది. నేరుగా ఉన్నది కనిపిస్తుంది, రెండు పక్కలా ఉన్నది కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదు, మందులు వేస్తే మిగిలింది నిలబడొచ్చు. స్టీరింగు మాత్రం పట్టకూడదు.

"నాకేం తెల్వలేదు మేడం. ముందట రోడ్డు మంచిగనే కనవడ్తుంది. పక్కకెల్లి మోటర్ సైకిలోళ్ళు ఒక్కపారే పుట్టుకొచ్చినట్టయితుంటే, పోరగాండ్లు ఉరికిస్తున్నరు అనుకున్న."

యాదమ్మకు చెప్పావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కొత్త ప్లాను గీసి ఇస్తే సంతకం తానే చేయించుకొస్తానని, ఎందుకని ఆమె అడగదని అన్నాడు. ఆమె అడగదన్న మాట నిజమే. మొదటి ప్లాను మీద కూడా అడగలేదు. కానీ అనుమతి పొందిన ప్లాను మార్చాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఏం మారుతోందో, ఎందుకు మారుతోందో తెలియని యజమాని సంతకం తీసుకోవడం నా పద్ధతి కాదు. ఇద్దరూ కలిసి వస్తేనే గీస్తానని చెప్పి, అంజయ్యను ఇంటి వైపు గోడల పని చూడమన్నాను. సైదులు నా మీద కోపంతోనే వెళ్ళాడు.

వారం లోపలే ఇద్దరూ వచ్చారు. సైదులు ఆమెకు దారిలో కూడా ఏ సంగతీ చెప్పలేదట. నా గదిలో, నా బల్ల ముందు కూర్చుని, నా వైపు చూస్తూ భార్యకు చెప్పాడు. ప్లాను మీద వేలు పెట్టి షెడ్డు గీతల వెంట నడిపిస్తూ, డాక్టరు మాటలు ఒక్కొక్కటే. యాదమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఇంకేదో లెక్క సరిచూసుకుంటున్నదానిలా కనిపించింది.

"శానా రోజుల సంది పక్కన పెట్టిన నీళ్ళ చెంబు తంతుండు మేడం. తలుపులకు భుజం కొట్టుకుంటుండు. నా మీద కోపమేమో అనుకున్న. ఇల్లు కాడ అలిగిన గదా, అందుకని గిట్ల చేస్తుండేమో అనుకున్న."

సైదులు అప్పుడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన కుడిపక్కన కూర్చుంది. చూడడానికి ఆయన తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు వంటింటిని ముందుకు తేవచ్చని నేను చెప్పాను. షెడ్డు పునాది మీదే గోడలు లేపి, రోడ్డు వైపు పెద్ద కిటికీ పెట్టవచ్చు, పెద్దగా పగలగొట్టే పని కూడా ఉండదు. నిజానికి నాకు కాస్త సంతోషంగానే ఉంది. ఆ పనిలో మొదటి నుంచీ నా మనసు ఆమె కిటికీ మీదే ఉంది.

యాదమ్మ వద్దన్నది.

"నేను రోడ్డు చూసేది ఎవరి కోసం? మనిషి ఇంట్ల ఉంటే నాకు రోడ్డు తోని ఏం పని? బండి అమ్మొద్దు. డ్రైవర్ను పెడ్తం, తిరగనిద్దం. షెడ్డు గట్లనే ఉండనియ్యి. ఆయన అడిగిన కిటికి ఆయనకు పెట్టుండ్రి. ఎదురుచూసుడు ఎట్లుంటదో నాకెర్క. ఇగ ఆయన వంతు. బండి ఉంటే బండి కనవడ్తది, లేకుంటే రోడ్డు కనవడ్తది."

సైదులు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

కొత్త ప్లాను గీశాను. పొగ సమస్యకు దారి దొరికింది. పడకగదికీ షెడ్డుకూ మధ్య తెరుచుకోని కిటికీ పెట్టాం. మందమైన అద్దం, చుట్టూ సందు లేకుండా బిగించిన చట్రం. గాలి కోసం దక్షిణం గోడకు వేరే కిటికీ పెట్టాం. షెడ్డుకు మొదట రేకు షట్టరు అనుకున్నాం. దాని బదులు ఊచల గేటు పెట్టించాను. దాంతో మంచం మీద కూర్చుంటే అద్దంలోంచి, ఖాళీ షెడ్డులోంచి, గేటు ఊచల్లోంచి నేరుగా రోడ్డు కనిపిస్తుంది. ఆయనకు మిగిలిన చూపు కూడా నేరు చూపే.

మిగతా ఇంట్లో చాలా మార్చాం. గదికీ గదికీ మధ్య గడపలు తీసేశాం. వీధి గడప ఒక్కటి ఉండాలని యాదమ్మ పట్టుబట్టింది, దానికి పసుపు రంగు వేయించాం. సగం తెరిచిన తలుపు అంచు పక్కచూపు లేనివాళ్ళకు ప్రమాదం, అందుకని లోపలి తలుపులు గోడ పొడుగునా జరిగేటట్టు పెట్టాం. గోడల మూలలు గుండ్రంగా చేయమంటే అంజయ్య విసుక్కున్నాడు, కానీ చేశాడు. చెంబు పెట్టుకోవడానికి మంచం పక్కన గోడలోనే గూడు వదిలాం. అది యాదమ్మ అడిగింది.

గృహప్రవేశమైన కొన్నాళ్ళకు పాలు పొంగిన ఇంట్లో పగుళ్ళేమైనా వచ్చాయేమో చూడడానికి పోయాను. పని అప్పజెప్పాక ఒకసారి పోయి చూడడం నాకు అలవాటు. సైదులు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి లేచాడు. నాకేమీ వినపడలేదు. కాసేపటికి లారీ మలుపు తిరిగింది. డ్రైవరు దిగేలోపే ఆయన షెడ్డులోకి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఘాటు దారిలో బ్రేకు ఎట్లా ఉందని, జహీరాబాదు అవతల ఆ చాయ్ హోటలు ఇంకా ఉందా అని అడిగాడు. డ్రైవరు తొందరలో ఉండి ఒకటి రెండు మాటలతో సరిపెట్టాడు. సైదులు ఇంకా ఏదో అడగబోయి మానేశాడు. టైర్లు ఒక్కొక్కటే తడుముతూ బండి చుట్టూ తిరిగాడు.

వంటింట్లో యాదమ్మ నాకు చాయ్ ఇస్తూ మెల్లగా అన్నది: "ఇంట్లనే ఉంటుండు మేడం. నేను కోరింది అదే గదా. కానీ పానం ఆ రోడ్డు మీదనే ఉన్నది. పోనీ, నేను చూసిన అన్నేండ్లు ఆయన జర చూడనీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పింది.

కొన్నేళ్ళకు లారీ పాతబడి అమ్మేశారు. ఇప్పుడు పత్తి కాలంలో షెడ్డును ఒక వ్యాపారికి కిరాయికి ఇస్తున్నారు. బస్తాలు రెండు పక్కలా పేర్చుకోవచ్చు గానీ మధ్యలో అడ్డం పెట్టకూడదన్నది షరతు. వ్యాపారికి దాని కారణం తెలియదు, యాదమ్మ చెప్పదు. సైదులు చూపు మందులతో అక్కడికక్కడే నిలబడింది. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

నేను పని మానేసి కొంత కాలమైంది. ఈ సంగతి తర్వాత నా పద్ధతిలో మారింది ఒక్కటే. అంతకుముందు ప్లాను కోసం వచ్చినవాళ్ళను ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగేదాన్ని. ఆ తర్వాత, ఎవరు ఎప్పుడు ఉండరని కూడా అడగడం మొదలుపెట్టాను. మగవాళ్ళు ఆ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పేవారు. ఆడవాళ్ళు ఆలోచించకుండానే చెప్పేవారు. ఆ జవాబు విన్నాకే కిటికీలు ఎటు పెట్టాలో నిర్ణయించేదాన్ని.