మిగిలిన కూడు

కడపలో మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, పక్కనున్న నర్సుతో నవ్వుతూ అన్నాడు: "ఈమె ఇంట్లో బియ్యం మూట వారానికొకటి కావాలేమో." తర్వాత గంగాదేవి వైపు తిరిగి, "తిండి తగ్గించమ్మా. ఇరవై కేజీలు తగ్గాల," అన్నాడు.

ఆ నవ్వుకు సుబ్బయ్య కూడా ఓ చిన్న నవ్వు కలిపాడు. గంగాదేవికి కోపం అక్కడే మొదలైంది. డాక్టరు పరాయివాడు, ఏమైనా అంటాడు. సుబ్బయ్య ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతివంట తింటున్న మొగుడు. రాజంపేట బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రాజంపేట దగ్గర చిన్న నేతగాళ్ళ ఊరు వాళ్ళది. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి సుబ్బయ్యది, ఒకటి ఆమెది. నలభై మూడేళ్ళ గంగాదేవి పొద్దున ఐదుకు లేచి ఎనుముకు కుడితి పెట్టి, పాలు పిండి, ఇల్లు ఊడ్చి, వండి, ఎనిమిదికి గుంటలో దిగితే సాయంత్రం ఆరుకు పైకొచ్చేది. వచ్చి మళ్ళీ వండేది. అత్త కృష్ణవేణమ్మ, మొగుడు, కాలేజీకి పోయే కొడుకు ప్రవీణ్ తిన్నాక తను తినేది. పెళ్ళయిన నాటి నుంచి అదే పద్ధతి.

డాక్టరు చెప్పాడు గదా అని ఆమె మర్నాటి నుంచి పొద్దున తిండి మానేసింది. రెండు గ్లాసుల టీ, అంతే. మధ్యాహ్నం పిడికెడు సంగటి, పచ్చిపులుసు. నాలుగయ్యేసరికి కళ్ళు మసకబారి, పడుగులో ఒక పోగు రెండుగా కనపడేది. సరిగ్గా అప్పుడే వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీల నూనె కాగేది. ఆ వాసన నేరుగా గుంటలోకి దిగేది. నాలుక పీకేది. చేతిలో నాడె పోగుల మధ్య అటూ ఇటూ నడుస్తూనే ఉండేది, మనసు మాత్రం బండి దగ్గర నిలబడేది.

ఎనిమిది రోజులు ఓర్చుకుంది. తొమ్మిదో రోజు చెంగు భుజాన కప్పుకుని పోయి, బండి పక్కన నిలబడే ఎనిమిది బజ్జీలు తినేసింది. కాలుతున్నా ఆగలేదు. ఇంటికొచ్చేసరికి కృష్ణవేణమ్మ అరుగు మీద ఉంది.

"డాక్టరు చెప్పింది బజ్జీలు తినమనా?"

అని ఊరుకోలేదు. పక్కింటి రామలక్ష్మమ్మను పిలిచి మరీ చెప్పింది. దీపాలు పెట్టేలోపు వీధంతా తెలిసిపోయింది. అదే కృష్ణవేణమ్మ, ఆ రాత్రి అందరూ తిని లేచాక వంటింట్లోకి తొంగి చూసి, "తపేలాలో అన్నం రవ్వంత ఉండాది, పారేస్తే పాపం. తినేసెయ్," అంది.

రవ్వంత కాదు, ఇద్దరికి సరిపోయేంత. కూర అయిపోయింది. పప్పు గిన్నె గరిటెతో గీకినా ఏమీ రాలేదు. గంగాదేవి అన్నంలో చారు పోసుకుని మొత్తం తినేసింది. పొట్ట బిగిసింది, ఆకలి మాత్రం పోలేదు. తన మీద తనకే అసహ్యమేసి, పళ్ళెం దడాలున పడేసింది.

శనివారం ఊరి నర్సు విశ్వాసమ్మ బీపీలు చూడడానికి వీధికి వచ్చింది. గంగాదేవి చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, మొహం చిట్లించింది.

"పొద్దున ఏం తింటివి?"

"ఏమీ లేదు సిస్టరమ్మా. తగ్గాల గదా."

"రేత్రి?"

"అన్నం. చారు."

"కూర తినవా?"

"వాళ్ళు తిన్నాక కూర యాడ మిగులుతాది?"

"గుడ్లు?"

"దినామూ ఉడకబెడతా. మూడు. అత్తకొకటి, ఆయనకొకటి, పిల్లోనికొకటి."

విశ్వాసమ్మ పట్టీ విప్పి మడుస్తున్నదల్లా ఆగి ఆమె వైపు చూసింది. గంగాదేవికి తన మాట తన చెవినే పడింది. మూడు. ఇంట్లో ఉన్నది నలుగురు. ఉడకబెట్టేది తను. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా నాలుగో గుడ్డు గిన్నెలో వేయాలని తన చేతికే తోచలేదు.

"నువ్వు తిండిపోతువు గాదు గంగా," అంది విశ్వాసమ్మ. "వాళ్ళు ఒద్దన్నదంతా నీ పొట్టలో పోతాండాది. వట్టి అన్నం రెండు గంటల్లో అరిగిపోతాది, మళ్ళీ ఆకలి. పస్తులుంటే ఇంకా మోసం, సాయంత్రానికి బజ్జీల మీద పడతావు. పొద్దునే తిను. ముందు గుడ్డు, పప్పు, ఆకుకూర. వాటి తర్వాత సంగటి, కొంచెం. మూడున్నరకే, ఆకలి కాకముందే, ఉలవ గుగ్గిళ్ళు తిను. అప్పుడూ నాలుక పీకితే గ్లాసు మజ్జిగ తాగి మగ్గం మీద ఇంకో జానెడు నేసి చూడు. ఆలోపు శానాసార్లు పోతాది. పోకపోతే రెండు బజ్జీలు ఇంటికి తెచ్చుకుని, కూర్చోని తిను. దొంగతనంగా గాదు."

ఆ సాయంత్రం గంగాదేవి నాలుగు గుడ్లు ఉడకబెట్టింది. బియ్యం ఒక గ్లాసు తగ్గించింది. నాలుగు పళ్ళేలు వేసి, తనూ కూర్చుంది. గోగాకు పప్పు, బీరకాయ కూర అందరితో సమంగా వడ్డించుకుంది.

కృష్ణవేణమ్మ చేయి కంచంలోనే ఆగిపోయింది. "ఇదేం కొత్త? మొగోళ్ళు తినకముందే?"

"ముందు గాదత్తా. వాళ్ళతో పాటు."

"పిల్లోనికి రెండోసారి కూర కావాలంటే?"

"ఉన్నంత వరకే. లేకపోతే ఊరిబిండి పచ్చడి ఉండాది."

సుబ్బయ్య గొణిగాడు. "ఇంత రాద్ధాంతం దేనికే? నీకు కావాలంటే తర్వాత ఇంకో గుడ్డు ఉడకేసుకో."

గంగాదేవి అన్నం ముద్ద దించేసింది. "కడపలో ఎందుకు నవ్వితివి?"

"ఎప్పుడు?"

"మూట బియ్యం తింటానన్నప్పుడు. ఆ మూట ఎవరు మిగిలిస్తే తింటి నేను? నువ్వు ఒద్దని తోసేసింది, వీడు సగం తిని లేచింది, అత్త పాపమని నా పళ్ళెంలో వేసింది. నా కడుపు కుడితి తొట్టి గాదు. ఇంకమీదట ఏం మిగిలినా ఎనుముకే."

సుబ్బయ్య పళ్ళెం అంచుకు తోసిన అన్నం మళ్ళీ కలుపుకున్నాడు. ప్రవీణ్ తన పళ్ళెంలో ఉన్నదంతా చప్పుడు లేకుండా తినేశాడు. కృష్ణవేణమ్మ గొంతు లేచింది.

"యాభై ఏండ్లు అందరూ తిన్నాకే తింటి నేను! నాకెవరు పెట్టినారు గుడ్డు?"

"నీకు పెట్టనోళ్ళ మీద కోపం తెచ్చుకో అత్తా. నామీద ఎందుకు?"

ముసలామె గుడ్డు ముట్టకుండా లేచి అరుగు మీదికి పోయింది.

తర్వాత రోజులు తేలికగా ఏమీ గడవలేదు. మొదటి రెండు వారాలు గంగాదేవికి అందరి మీదా చిరాకే. నాలుగింటికి నూనె వాసన వస్తే మజ్జిగ గ్లాసును కూడా తిట్టుకుంటూ తాగేది. కొన్నిసార్లు జానెడు నేసేలోపు యావ పోయేది, కొన్నిసార్లు మూర నేసినా పోయేది కాదు. అప్పుడు రెండు బజ్జీలు తెచ్చుకుని, నడింట్లో పీట వేసుకుని, అత్త చూస్తుండగానే తినేది. మూడోది తెచ్చుకోవాలని అనిపించేది కాదు. పొద్దున గుడ్డూ పప్పూ పడ్డ కడుపు మధ్యాహ్నం దాకా నిమ్మళంగా ఉండేది. పోగులు ఒకటికి ఒకటిగానే కనపడేవి.

చుట్టాల ఇంట్లో గృహప్రవేశానికి రాజంపేట పోయినప్పుడు పెద్దమ్మ కూతురు స్వర్ణలత గుమ్మంలోనే, "ఏమ్మే, ఇంత లావైతివే!" అని అందరిముందూ అరిచింది. పంక్తిలో అదే స్వర్ణలత పూర్ణం నిండి నెయ్యి కారుతున్న రెండో ఓలిగ తెచ్చి ఆకులో వేయబోయింది. గంగాదేవి ఆకు మీద చేయి అడ్డం పెట్టింది.

"ఒక్కటి తింటే ఏమైతాది?"

"ఒకటి తింటి. బాగుండాది. చాలు."

"నామీద ఆన!"

"చూడు స్వర్ణా. లావైతివని ఆ నోటితోనన్నా అనొద్దు, ఈ చేత్తోనన్నా పెట్టొద్దు. రెండూ నువ్వే చేస్తే నేనెట్లా బతకాల?"

పంక్తిలో తింటున్నవాళ్ళు తలలెత్తారు. స్వర్ణలత ఓలిగ తీసుకుని వెనక్కి పోయింది. రెండు నెలలు ఫోన్ చేయలేదు. గంగాదేవీ చేయలేదు.

ఆరు నెలలకు తొమ్మిది కేజీలు తగ్గింది. ఇరవై కాదు. మోకాళ్ళు ఇంకా నొస్తాయి, కాకపోతే గుంటలోంచి లేవడానికి సుబ్బయ్య చేయి అక్కర్లేదు. తపేలాలో అన్నం మిగలడం కూడా తగ్గింది, మిగిలింది ఎనుముకే పోతుందని తెలిశాక ఇంట్లో వాళ్ళు అడిగి పెట్టించుకుంటున్నారు. కృష్ణవేణమ్మ మాత్రం నేటికీ వాళ్ళతో కూర్చోదు. చివరనే తింటుంది, అరుగు మీద, ఒక్కతే. ఆమె వంతు కూర, పప్పు, గుడ్డు ముందే తీసి మూత పెట్టి, "అత్తా, రా, తిందాం," అని గంగాదేవి రోజూ ఒక్కసారి పిలుస్తుంది. రెండోసారి పిలవదు. బతిమాలదు. తన పళ్ళెం ముందు కూర్చుని, వేడి తగ్గకముందే తినడం మొదలుపెడుతుంది.